జేబులో ఉన్న గణితం

పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్లలో ఒక కొత్త గుబులు మొదలవుతుంది. మిగతా లెక్కలు ఎలాగో గట్టెక్కుతాయి కానీ, త్రికోణమితి అనగానే పిల్లల ముఖాలు వాడిపోతాయి. సైన్ 30 డిగ్రీలు అంటే సగం, టాన్ 45 డిగ్రీలు అంటే ఒకటి అని పట్టికంతా కంఠస్థం చేస్తారు. ఆ సగం దేనిలో సగమో చెప్పమంటే మాత్రం నోరు మెదపరు. తండ్రికి చెప్పడం రాదు, తల్లి చదువుకున్న రోజులు ఎప్పుడో దాటిపోయాయి. చివరకు “ఆ పాఠం వదిలెయ్, మిగతావి చదువు” అనే సలహాతో కథ ముగుస్తుంది.

వదిలేసేది ఒక్క పాఠమే అయితే బాధ లేదు. లెక్కలంటే తన వల్ల కాదని పదిహేనేళ్ల వయసులో తీర్మానించుకున్న పిల్లవాడు ఇంటర్మీడియెట్‌లో ఎం.పి.సి. వైపు చూడడు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాయడు. సర్వేయరు, డ్రాఫ్ట్స్‌మన్, ఇంజినీరు అనే మాటలు అతని జీవితంలోంచి ఆనాడే తప్పుకుంటాయి. ఆడపిల్ల విషయంలోనైతే, ఆమె భయపడకముందే ఇంట్లోవారే “నీకెందుకు లెక్కలు” అనేస్తారు. ఇంత పెద్ద నిర్ణయం ఇంత చిన్న భయం మీద జరగడం సరికాదని మేము భావిస్తున్నాం. నిజానికి ఈ పాఠంలో మూల విషయం ఒక్కటే: లంబకోణ త్రిభుజంలో ఒక భుజం, ఒక లఘుకోణం తెలిస్తే మిగతా భుజాలన్నీ చెప్పేయవచ్చు. అంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు. పైగా ఇది మనకు పరాయి విద్య కూడా కాదు.

బషీర్‌బాగ్‌లో ఒక త్రిభుజం

హైదరాబాదు తెలిసిన పాఠకులకు బషీర్‌బాగ్‌ను పరిచయం చేయనక్కర లేదు. ఒక పక్క నిజాం కళాశాల, మరో పక్క ఫతేమైదాన్, అంటే లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియం, కాస్త దూరంలో నౌబత్ పహాడ్. స్టేడియంలో రాత్రి ఆటల కోసం నిలబెట్టిన దీపస్తంభాలు రోడ్డు మీది నుంచే కనిపిస్తాయి. అలాంటి స్తంభం ఒకటి ఎంత ఎత్తు ఉందో తెలుసుకోవాలనుకుందాం. పైకెక్కి టేపు వేలాడదీయడం మన పని కాదు. నేల మీద నిలబడే కనుక్కోవాలి.

స్తంభం మొదలు నుంచి 60 మీటర్ల దూరంలో నిలబడ్డామనుకోండి. అక్కడి నుంచి స్తంభం కొనను చూడటానికి మన చూపును నేలకు సమాంతరంగా ఉన్న గీత నుంచి ఎంత పైకి ఎత్తాలో, దాన్ని ఊర్ధ్వకోణం అంటారు. ఇప్పుడు ఒక లంబకోణ త్రిభుజం తయారైంది. నిలువుగా నిలబడ్డ స్తంభం ఒక భుజం. నేల మీది 60 మీటర్లు రెండో భుజం. మన కంటి నుంచి కొన దాకా వెళ్లే ఏటవాలు చూపు మూడోది. అదే కర్ణం, అన్నిటికన్నా పొడవైనది. మన దగ్గరున్న కోణానికి ఎదురుగా ఉన్న స్తంభం ఎదుటి భుజం. కోణాన్ని ఆనుకుని ఉన్న నేల ఆసన్న భుజం.

ఆ కోణం 45 డిగ్రీలైతే లెక్కే అక్కర లేదు. స్తంభం ఎత్తు కూడా 60 మీటర్లే. 30 డిగ్రీలైతే? టాన్ 30 విలువ 0.577. 60ని దానితో గుణిస్తే 34.6 మీటర్లు. మన కన్ను నేల మీద లేదు కాబట్టి, కంటి ఎత్తు సుమారు 1.5 మీటర్లు కలిపితే 36 మీటర్లకు కాస్త పైన. అయిపోయింది. ఒక గుణకారం, ఒక కూడిక.

నిష్పత్తి ఎందుకు మారదు?

ఇక్కడే పిల్లలు ఒక ప్రశ్న అడగాలి. చాలా తరగతుల్లో అడగరు. స్తంభం ఎక్కడ, పుస్తకంలోని పట్టిక ఎక్కడ? ఈ 0.577 ఫతేమైదాన్ స్తంభానికి ఎలా వర్తించింది?

జవాబు తెల్ల కాగితం మీదే ఉంది. 30 డిగ్రీల కోణంతో ఒక చిన్న లంబకోణ త్రిభుజం గీయండి. ఆసన్న భుజం 10 సెంటీమీటర్లు ఉండనివ్వండి. ఎదుటి భుజాన్ని స్కేలుతో కొలిస్తే 5.8 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆసన్న భుజాన్ని 20 సెంటీమీటర్లు చేసి మళ్లీ గీయండి. ఈసారి 11.5 దాకా వస్తుంది. త్రిభుజం పెద్దదైంది కానీ రూపం మారలేదు. అందుకే ఒక భుజాన్ని మరో భుజంతో భాగిస్తే వచ్చే సంఖ్యా మారలేదు. 60 మీటర్ల త్రిభుజమైనా, 60 కిలోమీటర్ల త్రిభుజమైనా అంతే. మన వాడిది పాస్‌పోర్ట్ ఫొటో అయినా, గోడకు వేలాడదీసిన పెద్ద ఫొటో అయినా ముక్కుకూ నుదురుకూ ఉన్న పొంతన మారదు కదా! త్రికోణమితి మొత్తం ఈ ఒక్క పొంతన మీదే నిలబడి ఉంది.

ఆ పొంతనలకే మూడు పేర్లు పెట్టారు. ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైన్. ఆసన్న భుజాన్ని కర్ణంతో భాగిస్తే కాస్. ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే టాన్. ఏది ఎప్పుడు వాడాలన్న సందేహం వస్తే రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. మనకు తెలిసిన భుజం ఏది? మనకు కావలసిన భుజం ఏది? ఆ రెండూ ఏ నిష్పత్తిలో కలిసి ఉన్నాయో దాన్నే పట్టుకోవాలి.

సున్నాలు వేసే పనివాడి నిచ్చెన తీసుకుందాం. నిచ్చెన పొడవు 5 మీటర్లు. జారిపోకుండా ఉండాలంటే నేలతో సుమారు 75 డిగ్రీల కోణంలో నిలబెట్టాలి. అది గోడ మీద ఎంత ఎత్తుకు అందుతుంది? తెలిసింది కర్ణం, కావలసింది ఎదుటి భుజం, కాబట్టి సైన్. సైన్ 75 విలువ 0.966. 5తో గుణిస్తే 4.83 మీటర్లు. నిచ్చెన కాలు గోడకు ఎంత దూరంలో ఉండాలి? ఇప్పుడు కావలసింది ఆసన్న భుజం, కాబట్టి కాస్. కాస్ 75 విలువ 0.259. గుణిస్తే దాదాపు 1.3 మీటర్లు. నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున నిచ్చెన కాలు ఎడంగా పెట్టాలని చెప్పే సూత్రం దీనికి చేరువగా ఉన్నదే.

ఇంటి ముందు రేకుల షెడ్డు వేస్తున్నాం. గోడ నుంచి స్తంభాల దాకా నేల మీద 3.5 మీటర్లు. నీళ్లు జారడానికి 15 డిగ్రీల వాలు పెట్టాలి. రేకు ఎంత పొడవు కొనాలి? తెలిసింది ఆసన్న భుజం, కావలసింది కర్ణం. 3.5ను కాస్ 15 విలువ 0.966తో భాగిస్తే 3.62 మీటర్లు. గోడ వైపు ఎంత ఎత్తు ఎక్కువ పెట్టాలి? 3.5ను టాన్ 15 విలువ 0.268తో గుణిస్తే 94 సెంటీమీటర్లు. రేకులు తెచ్చాక చాల్లేదని మళ్లీ కొట్టుకు పరుగెత్తే ఖర్చు ఈ రెండు లెక్కలతో తప్పుతుంది.

జ్యా నుంచి జేబు దాకా

ఇప్పుడు సైన్ అనే మాట సంగతి. ఇది ఇంగ్లీషు మాట కాబట్టి ఇంగ్లీషువాళ్ల విద్య అనుకుంటాం. దాని ప్రయాణం తెలిస్తే ఆశ్చర్యపోతాం.

క్రీ.శ. 499లో ఆర్యభటుడు తన గ్రంథంలో ఈ విలువలకు ఒక పట్టిక ఇచ్చాడు. వృత్తంలోని చాపాన్ని విల్లుగా, దాని రెండు కొసలనూ కలిపే గీతను వింటినారిగా ఊహించి ‘జ్యా’ అన్నారు. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో వృత్తానికి ఇప్పటికీ వాడే ‘జ్యా’ ఇదే. దానికే జీవా అని మరో పేరు. 8వ శతాబ్దంలో భారతీయ ఖగోళ గ్రంథాలు బాగ్దాదుకు చేరినప్పుడు అక్కడి పండితులు ‘జీవా’ను ‘జీబా’ అని ఉచ్చరించారు. అరబ్బీలో హ్రస్వ అచ్చులు రాయకపోవడం మామూలే కాబట్టి అది తరువాతి వారి చేతిలో ‘జైబ్’ అయింది. జైబ్ అంటే అరబ్బీలో వస్త్రపు మడత, చొక్కా మెడ దగ్గరి చీలిక అని అర్థం. 12వ శతాబ్దంలో యూరపు అనువాదకులు ఆ అర్థాన్నే పట్టుకుని లాటిన్‌లో ‘సైనస్’ అని రాశారు. అదే నేటి సైన్.

ఆ జైబే మన ఉర్దూలో జేబ్, తెలుగులో జేబు. అంటే పిల్లవాడు పుస్తకంలో భయపడుతూ చూస్తున్న సైన్, వాడి చొక్కాకు ఉన్న జేబు, వృత్తంలోని జ్యా, మూడూ ఈ ఒక్క ప్రయాణంలోని మజిలీలే.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైనప్పుడు మన పెద్దలు ఈ శాస్త్రాన్ని ఆ మాటలతోనే చదివారు. త్రిభుజం ముసల్లస్. కర్ణం వతర్. ఎదుటి భుజం అమూద్. ఆసన్న భుజం ఖాయిదా. సైన్ జైబ్, టాన్ ముమాస్. వతర్ అన్నా వింటినారి అనే అర్థమే! ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, క్యాలిక్యులేటరు మీద ఇంగ్లీషు. మూడు భాషల మధ్య నలిగే మన పిల్లలకు ఈ మాటల జాబితాను ఒక కాగితం మీద రాసి గోడకు అంటిస్తే సగం భయం అక్కడే పోతుంది.

నీడ చెప్పే వేళ

టాన్‌కు మూలం నీడ. అరబ్బీ ఖగోళవేత్తలు ఈ నిష్పత్తిని మొదట ‘జిల్’ అన్నారు, అంటే నీడ. నిలువుగా పాతిన కర్రకూ దాని నీడకూ ఉన్న పొంతనే సూర్యుడి ఎత్తును చెబుతుంది. 9వ శతాబ్దంలో బాగ్దాదులో హబష్ అల్ హాసిబ్ ఈ నీడలకు పట్టికలు తయారు చేశాడు. 10వ శతాబ్దంలో అబుల్ వఫా వాటిని మరింత సూక్ష్మంగా లెక్కించాడు. 13వ శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ త్రికోణమితిని ఖగోళశాస్త్రం నుంచి విడదీసి దాని కాళ్ల మీద అది నిలబడే స్వతంత్ర శాస్త్రంగా రాశాడు.

వారికి ఈ లెక్క ఎందుకు అవసరమైందో నమాజు వేళలు తెలిసిన ప్రతి ఇంటికీ తెలుసు. అసర్ వేళ నీడ మీదే ఆధారపడి ఉంది. నడిమధ్యాహ్నం వస్తువుకు ఉన్న నీడకు ఆ వస్తువు పొడవంత నీడ కలిసినప్పుడు అసర్ మొదలవుతుందని షాఫయీ, మాలికీ, హంబలీ పద్ధతులు చెబుతాయి. రెండింతలు కలిసినప్పుడని హనఫీ మసీదుల్లో సాధారణంగా పాటించే లెక్క.

ఒక మీటరు కర్రతో దీన్ని హైదరాబాదుకు లెక్కించి చూద్దాం. మన ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 17.4 డిగ్రీల మీద ఉంది. డిసెంబరు 22 ప్రాంతంలో నడిమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు కర్ర నీడ 86 సెంటీమీటర్లు. దానికి ఒక మీటరు కలిపితే 1.86 మీటర్లు. నీడ అంత అయ్యేసరికి సూర్యుడి ఎత్తు 28 డిగ్రీలు. రెండు మీటర్లు కలిపితే 2.86 మీటర్లు. అప్పటికి సూర్యుడు 19 డిగ్రీలకు దిగుతాడు. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మాత్రం మన ఊళ్లో నడిమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కర్రకు నీడే ఉండదు. ఆ రోజుల్లో మొదటి లెక్క ప్రకారం సూర్యుడు 45 డిగ్రీలకు, రెండో లెక్క ప్రకారం సుమారు 26.5 డిగ్రీలకు దిగినప్పుడు అసర్. మసీదు గోడ మీది కాలపట్టిక వెనుక ఉన్నది ఈ లంబకోణ త్రిభుజమే.

గుట్ట ఎత్తు నుంచి భూమి కొలత దాకా

స్తంభం మొదలు దాకా నడిచి వెళ్లవచ్చు. గుట్ట విషయంలో అది కుదరదు. శిఖరానికి నేరుగా కింద ఉన్న బిందువు గుట్ట కడుపులో ఉంటుంది. అప్పుడేం చేయాలి? రెండు చోట్ల నుంచి చూడాలి. ఒకచోట నిలబడి శిఖరాన్ని చూస్తే కోణం 30 డిగ్రీలు వచ్చిందనుకుందాం. గుట్ట వైపు నేరుగా 40 మీటర్లు నడిచాక 45 డిగ్రీలైంది. రెండో చోట నుంచి శిఖరం కింది బిందువుకు దూరం ఎంతో, 45 డిగ్రీలు కాబట్టి ఎత్తూ అంతే. మొదటి చోట నుంచి దూరం ఎత్తుకు 1.732 రెట్లు. ఈ రెండు దూరాలకూ తేడా 40 మీటర్లు. అంటే ఎత్తులో 0.732 వంతు 40 మీటర్లు. భాగిస్తే ఎత్తు 54.6 మీటర్లు. పదో తరగతి పుస్తకంలో పిల్లల్ని ఎక్కువగా ఏడిపించే లెక్క ఇదే.

ఈ లెక్కను చేసి, దాని మీద నిలబడి భూమినే కొలిచినవాడు అబూ రైహాన్ అల్ బీరూనీ. 973లో ఖ్వారిజంలో పుట్టిన ఈ పండితుడు 11వ శతాబ్దపు తొలి దశకాల్లో నేటి పాకిస్తాన్ పంజాబులో ఉన్న నందనా కోట దగ్గర ఈ ప్రయోగం చేశాడు. మొదట మైదానంలో రెండు చోట్ల నుంచి కోణాలు తీసి కొండ ఎత్తును కనుక్కున్నాడు. 652 మూరలు వచ్చింది. తరువాత కొండెక్కి దిగంతం వైపు చూశాడు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దిగంతం సమాంతర రేఖకు కొంచెం కిందుగా కనిపిస్తుంది. ఆ వంపు 34 నిమిషాలు, అంటే ఒక డిగ్రీలో సగానికి కాస్త ఎక్కువ.

ఆ చూపు భూమిని తాకే చోట భూమి వ్యాసార్ధంతో లంబకోణం చేస్తుంది. అంటే అక్కడ కూడా ఒక లంబకోణ త్రిభుజం ఉంది. దాని ఒక భుజం భూమి వ్యాసార్ధం. కర్ణం, వ్యాసార్ధానికి కొండ ఎత్తు కలిపినంత. భూమి కేంద్రం దగ్గరి కోణం ఆ 34 నిమిషాలే. ఆసన్న భుజం, కర్ణం కలిసి ఉన్నాయి కాబట్టి కాస్. ఎడారుల్లో మైళ్లకొద్దీ నడిచి కొలవవలసిన అవసరం లేకుండా ఒక కొండ మీద నిలబడి భూమి వ్యాసార్ధాన్ని రాబట్టిన పద్ధతి ఇది. ఆయన మూర పొడవును ఎంతగా తీసుకోవాలన్న దానిపై పండితుల్లో చర్చ ఉన్నా, పద్ధతి సరైనదన్న దానిపై లేదు. మన పిల్లవాడు పరీక్షలో వదిలేసే లెక్క ఇక్కడికి చేరుస్తుంది.

బషీర్‌బాగ్ పేరు వెనుక

ఇంత దూరం వెళ్లి మళ్లీ మన బషీర్‌బాగ్‌కు రావడానికి కారణం ఉంది. ఈ పేటకు ఆ పేరు పాయెగా ప్రభువు బషీరుద్దౌలా సర్ ఆస్మాన్ జా నుంచి వచ్చింది. 1887లో నిజాం రాజ్యానికి దివాన్ అయిన ఆయన ఇక్కడ కట్టించిన మహలు ఇప్పుడు లేదు. పేరు మిగిలింది. ఆయన దివాన్ అయిన ఏడాదే నిజాం కళాశాల మొదలైంది.

ఆ ఆస్మాన్ జా తాతగారు నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్, షమ్సుల్ ఉమరా. 1863లో కన్నుమూసిన ఈ అమీరుకు గణితం, ఖగోళం అంటే ప్రాణం. యూరపు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించి సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. యంత్రశాస్త్రం, ఖగోళం, నీరు, గాలి, కాంతి, విద్యుత్తు అనే విషయాల మీద ఆరు పుస్తకాల సంపుటి ‘సిత్తా షమ్సియా’ ఆయన పూనికతో వచ్చినదే. విశ్వవిద్యాలయాలు లేని రోజుల్లో ఇంటి భాషలో సైన్సు చదవాలన్న ఆలోచన అది.

ఆ వంశంలోనే మరో తరానికి చెందిన నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి పెద్ద దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలో వేధశాల పెట్టారు. ఆయన మరణం తరువాత 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. అదే నిజామియా వేధశాల. బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల స్థానాలు లెక్కించాలని ప్రపంచంలోని వేధశాలలు పంచుకున్న మహాకార్యంలో దక్షిణాకాశంలోని 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ మన హైదరాబాదు వంతుకు వచ్చింది. లక్షల నక్షత్రాల స్థానాలను ఇక్కడ కూర్చుని లెక్కగట్టారు. ఆ లెక్కల్లో అడుగడుగునా ఉన్నవి ఈ సైన్‌లూ కాస్‌లూ టాన్‌లే.

ఒక గీత కొలిచి దేశాన్ని కొలవడం

ఒక భుజం, కోణాలు తెలిస్తే చాలన్న మాటకు మన దేశంలో ఇంతకన్నా పెద్ద సాక్ష్యం మహా త్రికోణమితీయ సర్వే. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో ఏడున్నర మైళ్ల గీత ఒకటి గొలుసులతో కొలిచాడు. అందుకు 57 రోజులు పట్టింది. ఆ తరువాత గొలుసులు పక్కన పెట్టి గుట్టల మీది నుంచి, గుడి గోపురాల మీది నుంచి కోణాలు మాత్రమే తీస్తూ ఉత్తరానికి సాగాడు. ఒక త్రిభుజం మీద మరో త్రిభుజం కట్టుకుంటూ పోయాడు. అవన్నీ లంబకోణ త్రిభుజాలు కావు. అయితే ఏ త్రిభుజంలోనైనా శిఖరం నుంచి ఎదుటి భుజానికి లంబం దించితే అది రెండు లంబకోణ త్రిభుజాలుగా విడిపోతుంది. పై తరగతుల్లో వచ్చే సైన్ సూత్రం అక్కడి నుంచే పుట్టింది. లెక్క సరిపోతోందా లేదా అని అక్కడక్కడా మళ్లీ గీత కొలిచి సరిచూసుకునేవారు. 1815లో బీదరు దగ్గర అలాంటి గీత ఒకటి కొలిచారు.

హైదరాబాదు ఈ పనిలో ముఖ్యమైన మజిలీ. జార్జ్ ఎవరెస్ట్ లాంబ్టన్‌కు సహాయకుడిగా 1818లో చేరింది ఇక్కడే. తరువాతి కాలంలో ఆ సర్వే థియోడొలైట్లను విప్పి, బాగు చేసి, తిరిగి నిలబెట్టిన పనివాడు ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. యూరపు కార్ఖానాల్లో శిక్షణ లేకపోయినా, ప్రభుత్వ గణిత పరికరాల నిర్మాతగా 1840లలో నియమితుడయ్యాడు. చేతిలో పని ఉన్నవాడికి లెక్క కూడా తోడైతే ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర లేదు.

లంబకోణ త్రిభుజం ఎక్కడ ఆగుతుంది?

ఏ పనిముట్టుకైనా హద్దు ఉంటుంది. అది కూడా పిల్లలకు చెప్పాలి. మక్కా మన హైదరాబాదు కన్నా సుమారు 4 డిగ్రీలు ఉత్తరాన, 38.7 డిగ్రీలు పడమరన ఉంది. పటం మీద ఈ రెంటినీ భుజాలుగా తీసుకుని త్రిభుజం గీస్తే, ఖిబ్లా పడమర నుంచి ఉత్తరానికి 6 డిగ్రీలు తిరిగినట్టు వస్తుంది. కానీ భూమి పటంలాగా చదునుగా లేదు. గోళం మీద అత్యంత దగ్గరి దారిని లెక్కిస్తే ఆ తిరుగుడు సుమారు 12.7 డిగ్రీలు అవుతుంది. రెండింతలకు పైనే! గోళం మీద గీసిన త్రిభుజాలకు వేరే సూత్రాలు కావాలని గుర్తించి, బీరూనీ గజనీ పట్టణానికి ఖిబ్లా కనుక్కోవడానికి ఒక గ్రంథమే రాశాడు. పాత మసీదుల గోడల మీద తగువు పెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. చదును నేల మీద పనికొచ్చే సూత్రం ఎంత దూరం పనికొస్తుందో తెలుసుకోవడమూ చదువులో భాగమేనని చెబుతున్నాం.

ఇంట్లో ఏం చేయవచ్చు?

తల్లిదండ్రులకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. పిల్లల కంపాస్ బాక్సులోని ప్రొట్రాక్టర్ తీసుకోండి. దాని తిన్నటి అంచు వెంట ఒక స్ట్రా అతికించండి. మధ్యలోని చిల్లుకు దారం కట్టి, చివర ఒక బరువైన నట్టు వేలాడదీయండి. స్ట్రా గుండా చెట్టు కొనను చూడమనండి. దారం చూపే అంకెకూ 90కీ ఉన్న తేడాయే ఊర్ధ్వకోణం. స్ట్రాను సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ తిప్పనివ్వకండి, కళ్లు పోతాయి. సూర్యుడికి నీడ కొలిస్తే చాలు.

సెలవు రోజున నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌కు వెళ్లినప్పుడు ఒక టేపు కూడా పట్టుకెళ్లండి. చెట్టుకు 20 మీటర్ల దూరంలో నిలబడితే కోణం 35 డిగ్రీలు వచ్చిందనుకోండి. టాన్ 35 విలువ 0.70. ఇరవై రెట్లు చేస్తే 14 మీటర్లు. పిల్లవాడి కంటి ఎత్తు 1.4 కలిపితే 15.4 మీటర్లు. ఆదివారాల్లో ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పరిచే పాత పుస్తకాల్లో గణితం పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. ఒకటి కొని ఇవ్వండి.

పిల్లలు సాధారణంగా పొరబడే చోట్లు నాలుగు. బొమ్మ గీయకుండా లెక్క మొదలుపెట్టడం. కోణం మారినప్పుడు ఎదుటి భుజం, ఆసన్న భుజం కూడా మారతాయని మరచిపోవడం. కంటి ఎత్తు కలపకపోవడం. క్యాలిక్యులేటరు డిగ్రీల్లో కాక రేడియన్లలో ఉన్నా చూసుకోకపోవడం. ఈ నాలుగూ చూసుకుంటే తప్పు జరగడం అరుదు. జవాబు వచ్చాక కర్ణం కన్నా మరో భుజం పొడవుగా కనిపిస్తే, ఎక్కడో తప్పినట్టేనని కూడా చెప్పండి.

ఇళ్లు కట్టే మేస్త్రీలు, వెల్డింగ్ పనివారు, వడ్రంగులు మనలో ఎందరో ఉన్నారు. మూడు, నాలుగు, అయిదు అడుగుల తాడుతో మూల సరిచూడటం వారికి తెలుసు. కొడుకు, కూతురు పుస్తకంలో చదువుతున్నది తండ్రి చేతిలో ఉన్న పనే. ఒకసారి తండ్రి పనిచేసే చోటికి తీసుకెళ్లి, ఆ మూల దగ్గర కూర్చోబెట్టి, పుస్తకం తెరవమనండి. షమ్సుల్ ఉమరా తెప్పించిన పుస్తకాలు ఆనాడు అమీర్ల పిల్లలకూ కొద్దిమంది చదువరులకూ మాత్రమే అందాయి. ఈనాడు అదే లెక్క ప్రభుత్వ బడిలో చదివే ప్రతి పిల్ల చేతిలోనూ ఉంది. దాన్ని “నీకెందుకు” అనే ఒక్క మాటతో లాక్కోవద్దని, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులను మేము కోరుతున్నాం.